గాలివైపు, అన్నంవైపు

నవంబరు 4, మంగళవారం

ఈ ఉదయం 9:10కి అలలమెట్ట మండలి, సముద్రం మీద తెప్పలతో కట్టుకున్న మా ఊళ్లో చిగుళ్ల వైద్యం చేసే మూడు కుర్చీలనూ డిసెంబరు ఒకటి నుంచి మూసేయాలని తీర్మానించింది. తొమ్మిది మంది సభ్యుల్లో ఎనిమిది మంది చేతులెత్తారు. తొమ్మిదో ఆయన పంటి నొప్పి వల్ల సమావేశానికి రాలేదు.

కార్యదర్శి గేదెల సన్యాసినాయుడు చదివిన కారణం సూటిగానే ఉంది. ఒక నోటిని లోతుగా శుభ్రం చేయడానికి బకెట్టు మంచినీళ్లు పడతాయి. జూలై తుఫానులో ఉప్పునీటిని వడకట్టే జల్లెడ గోడ ఒకటి చిరిగింది. కొత్తది ఒడ్డు నుంచి వచ్చేసరికి వేసవి అవుతుంది. అప్పటిదాకా వంటకీ తాగడానికీ కలిపి మనిషికి రోజుకి ఎనిమిది లీటర్లు. కుర్చీల నీళ్లు ఆపితే పిల్లల తెప్పలో తలకి అర లీటరు పెంచవచ్చు. కుర్చీల బదులు ఇంటింటికీ పూత ఇస్తారు. మనం కోసే నాచు నుంచే తీసిన జిగురు అది. వేలితో చిగుళ్ల మీద రాసుకుంటే చాలు, నీళ్లు అక్కర్లేదు.

పూత పనిచేస్తుందనడానికి ఆధారం డాక్టర్ పొట్నూరు వసుంధర ఏడాది పాటు చేసిన పరిశోధన. రెండు వందల పన్నెండు మంది నోళ్లలో ఒక పక్క పూత రాయించారు, రెండో పక్క పళ్లకి పట్టిన గారని కుర్చీలో చేత్తో గీకించారు. దాన్నే చేతిపని అంటారు. ఆరు నెలల తర్వాత కొలిస్తే పూత రాసిన వైపు చిగుళ్లు ఎక్కువ కోలుకున్నాయి. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే నోరు, ఇంతకన్నా శుభ్రమైన పోలిక ఉండదని కార్యదర్శి అన్నారు. నేను రాసే మధ్యాహ్నం బులెటిన్‌లో ఆ మాటలే వెళ్లాయి.

బులెటిన్‌లో పట్టనివి ఈ పుస్తకంలో రాసుకుంటాను.

నవంబరు 5, బుధవారం

మూతపడబోయే కుర్చీల గురించి రాద్దామని వైద్యశాల తెప్పకి వెళ్లాను. వరుస తెప్ప చివరిదాకా ఉంది. డిసెంబరులోనూ జనవరిలోనూ వంతు ఉన్నవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు, ఎవరైనా రాకపోతే ఆ చోటు దొరుకుతుందేమోనని.

కుర్చీలో జరిగే పని చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. సహాయకుడు ముందు సన్నటి కొలపుల్లని పంటికీ చిగురుకీ మధ్య దింపుతాడు. పుల్ల మీద మిల్లీమీటరు గీతలుంటాయి. ఆరోగ్యంగా ఉన్న చోట అది రెండు, మూడు గీతలు దాటి దిగదు. జబ్బు ఉన్న చోట చిగురు పంటిని వదిలేసి సంచిలా వేలాడుతుంది. పుల్ల అయిదు, ఆరు, ఏడు దాకా పోతుంది. ఆ సంచి అడుగున గట్టిపడిన గారని కొక్కెంతో గీకి, మంచినీళ్లతో కడిగి, వేరుని నున్నగా చేస్తారు. అప్పుడు చిగురు మళ్లీ పంటిని పట్టుకుంటుంది. కరిగిన ఎముక మాత్రం తిరిగి పెరగదు. ఇంకా కరగకుండా ఆపడమే వైద్యం.

వరుసలో నా పక్కన నిలబడ్డ ఆవిడ పేరు వాసుపల్లి దేవుడమ్మ. నలభై ఒక్క ఏళ్లు. పదహారో ఏట నుంచి నీటడుగున నాచు కోస్తోంది. ఆమె వంతు డిసెంబరు తొమ్మిది. నాలుగేళ్లుగా పొద్దున ఉమ్మితే ఎర్రగా వస్తోందట. మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగాను.

"నొప్పి నేదు. నొప్పి నేనిదానికి ఎవులొస్తారు బావు?"

ఈ జబ్బు సంగతి అంతే అని సహాయకుడు కుర్చీ దగ్గర నుంచే అన్నాడు. ఎముక సగం పోయేదాకా నొప్పి ఉండదు, పళ్లు కదిలాక గానీ ఎవరూ రారు.

పూత వస్తోంది కదా, అది రాసుకుంటే సరిపోదా అన్నాను. ఆమె కుడి దవడ మీద వేలు పెట్టి చూపించింది.

"నాకు కదుల్తన్నవి ఇటేపువే. పూత రాసినేపే."

అంటే ఆమె డాక్టరుగారి పరిశోధనలో ఉండేది. రెండు నెలలు ఉన్నాక తీసేశారట. ఎందుకని అడిగితే, తనకి గాలిగొట్టం అందరిలా ఎడమవైపు కాదని చెప్పారంది.

వెనక నుంచి మైలపల్లి ఎర్రన్న నవ్వాడు. ఆమె పనిచేసే పడవకి అతను సరంగు. ఆమె నీళ్లలో ఉన్నంతసేపూ పైన తాడు పట్టుకుని కూచునేదీ అతనే. "అది పుర్రసెయ్యిది బావు. ఊరంతా ఒకేపు, ఇదొకేపు. ఎడం సేత్తో కొడవలట్టుకున్నాదని సూడకండా ఒకపాలి గొట్టం గూడా అందరికి మల్లే ఎడమేపెట్టినాం. సొంత గొట్టమే కోసీసుకున్నాది."

"నువ్వట్టుకున్న తాడు గూడా కొయ్యాల్సింది," అంది దేవుడమ్మ.

ఒడ్డు మీద చదివేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను. మా కోతగాళ్లు కుడిచేత్తో కొడవలి పట్టుకుంటారు. గాలిగొట్టం ఎడమ భుజం మీద నుంచి వస్తుంది. దాని చివరి పంటిబిళ్లని ఎడమవైపు దవడ పళ్లతో కరిచి పట్టుకుని రోజుకి ఆరు గంటలు నీటడుగున ఉంటారు. ఆ గంటలన్నీ ఎడమ చిగుళ్ల మీదుగా ఉప్పుగాలి పోతూ ఉంటుంది. పైకి వచ్చాక ఆ పళ్లు అలసిపోయి ఉంటాయి గనక అన్నం కుడివైపు నములుతారు. అందుకే ఈ ఊళ్లో ఎడమ అని గానీ కుడి అని గానీ ఎవరూ పెద్దగా అనరు. గాలివైపు, అన్నంవైపు అంటారు. బళ్లో పిల్లలకి దిక్కులు అలాగే నేర్పుతారు. పడవ తిప్పమన్నా అలాగే కేకేస్తారు.

దేవుడమ్మకి ఒక్కదానికే గాలి అన్నంవైపు నుంచి వస్తుంది.

నవంబరు 6, గురువారం

డాక్టర్ వసుంధరని ఆమె గదిలో కలిశాను. దేవుడమ్మ ఆమెకి బాగా గుర్తుంది. తీసేసిన కారణం దాచలేదు. పూతని అన్నంవైపు రాయాలన్నది పద్ధతి. గాలివైపు రాస్తే గాలి దాన్ని ఎండగొట్టి ఊడగొడుతుంది. దేవుడమ్మకి అన్నంవైపే గాలి వస్తోంది కాబట్టి ఆమెని లెక్కలో ఉంచితే పూతకి అన్యాయం జరుగుతుంది.

"అందరికీ పూత అన్నంవైపే రాశారా?"

"అందరికీ."

"చేతిపని అందరికీ గాలివైపే?"

"అవును. రోజూ రాసుకునేది వాళ్లే కదండీ. ఒక్కొక్కరికి ఒక్కో వైపు చెబితే కలగాపులగం అవుతుంది. ఊరందరికీ ఒకటే మాట ఉంటే..."

నేను అడగాల్సింది అడిగాను.

"ఆరు గంటల ఉప్పుగాలి పూతనే ఊడగొడితే, డాక్టరుగారూ, చిగురుని ఏం చేస్తుంది?"

ఆమె లేచి కిటికీ మూసింది. తర్వాత ఆమె చెప్పినది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. చేతిపని చేసిన వైపు రోజూ గాలితో దెబ్బ తింటూనే ఉంది. పూత రాసిన వైపుకి ఆ దెబ్బ లేదు. కాబట్టి పూత గెలిచిందో, గాలి లేకపోవడం గెలిచిందో ఆ అంకెలు చెప్పలేవు. ఏ నోటికి ఏ వైపో నాణెం ఎగరేసి నిర్ణయించి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. అలా చేయాలని ఒడ్డు పుస్తకాల్లో మొదటి పాఠంలోనే ఉంటుందట.

"బయటి నుంచి ఎవరొచ్చినా మొదటి రోజే అడిగేవాళ్లు. నేను ఇక్కడే పుట్టాను. మా అమ్మ కోతకి వెళ్లేది. గాలివైపు అనే మాట పుట్టినప్పటి నుంచీ నా నోట్లో ఉంది. అది మాటే గానీ గాలి అని నాకు తట్టలేదు."

ఆమే మళ్లీ అంది. "కానీ దేవుడమ్మది ఒక్క నోరు. ఒక్క నోరు ఆధారం కాదు."

కాదనే నేనూ అన్నాను. దాన్ని పట్టుకుని బులెటిన్ రాయడం నా పద్ధతి కాదు. ఆమె అంకెలన్నీ మళ్లీ చూసుకోవడానికి, మండలికి తానే చెప్పుకోవడానికి వ్యవధి అడిగింది. మంగళవారం దాకా ఆగుతానన్నాను. ఆ తర్వాత ఆగనని కూడా చెప్పాను.

నవంబరు 8, శనివారం

కొరుకుడు పరీక్ష. ఆరు నెలలకోసారి కోతగాళ్లందరికీ ఉంటుంది. గొలుసుకి బరువు కట్టిన పంటిబిళ్లని పళ్లతో పట్టుకుని, ఇసుక గడియారం ఖాళీ అయ్యేదాకా వదలకుండా నిలబడాలి. వదిలితే ఆ మనిషి మరి నీళ్లలోకి దిగకూడదు. ఎండబెట్టే తెప్పల మీద పనిస్తారు. క్రూరమైన నియమంలా కనిపిస్తుంది గానీ, రెండేళ్ల కింద నీటడుగున బిళ్ల జారి ఒకతను పైకి రాలేకపోయాక పెట్టినది.

దేవుడమ్మ పదకొండో మనిషి. బిళ్లని కుడి దవడకి మార్చుకోవడానికి తనిఖీదారు గొలుసు విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ప్రతిసారీ ఇదే తంతు అని అతను విసుక్కున్నాడు. ఆమె కరిచింది. కళ్లు మూసుకుంది. ఇసుక సగమయ్యేసరికి మెడ నరాలు లేచాయి. చివరి ఇసుక జారింది. తనిఖీదారు చెయ్యెత్తాడు. ఆమె నోరు తెరిచింది. బిళ్లతో పాటు దవడ పన్ను కూడా వచ్చింది.

తనిఖీదారు బిళ్లనీ ఆమెనీ మార్చిమార్చి చూశాడు. నెగ్గినట్టు రాయాలా, వద్దా అని పక్కవాణ్ని అడిగాడు.

"ఇసకైపోయినాకే ఊడింది. నాను సూసినాను. రాయండి," అన్నాడు ఎర్రన్న. అతని గొంతులో ఈసారి నవ్వు లేదు.

రాశారు.

పన్ను నా చేతికిచ్చింది, చూస్తానంటే. పురుగు తిన్న జాడ ఎక్కడా లేదు. పంటి తల తెల్లగా, గట్టిగా ఉంది. వేరు మీద సగం దాకా నల్లటి గార పట్టి ఉంది. నేల కరిగిపోయాక నిలబడ్డ గుంజలా, పన్నుకి ఏమీ కాకుండానే పడిపోయింది.

దేవుడమ్మ సముద్రపు నీళ్లతో నోరు పుక్కిలించుకుంది. పైన ఊడటమే మేలైందట. "కింద ఊడుంటే బిళ్ల జారీసును," అంది. ఇక కుడివైపు బిళ్లని ఆపగలిగిన దవడ పళ్లు రెండు మిగిలాయి. రెండూ కదులుతున్నాయి. వచ్చే పరీక్ష మే నెలలో.

నవంబరు 9, ఆదివారం

డాక్టర్ కబురు పంపితే వెళ్లాను. రెండు వందల పన్నెండు మందిలో నీళ్లలోకి దిగనివాళ్లు పందొమ్మిది మంది ఉన్నారట. వంటవాళ్లు, వల కుట్టేవాళ్లు. వాళ్లకి గాలివైపు అనేది మాట వరకే, నోట్లోకి గాలి రాదు. ఆ పందొమ్మిది నోళ్లనీ విడిగా తీసి చూసింది. చేతిపని చేసిన వైపు సంచుల లోతు సగటున ఒకటిన్నర గీత తగ్గింది. పూత వైపు అర గీత.

పందొమ్మిది మంది చాలరని ఆమే అంది. పూత పనికిరాదని దీంతో రుజువు కాదు. ఒడ్డు మీద వందేళ్లకి పైగా జరిగిన పరిశోధనల సారం కూడా ఆమె వరసగా చెప్పింది. గార తీయడం పనిచేస్తుంది. తీశాక రోజూ శుభ్రం చేసుకోకపోతే ఆ ఫలితం నిలవదు. మందులు, పూతలు గార తీసిన దానికి తోడుగా ఇస్తే కొద్దిగా మేలు. గార తీయకుండా పూత ఒక్కటే చాలునని చూపించిన మొదటి పరిశోధన తనదే.

"అది చూసి పొంగిపోయాను. అనుమానపడాల్సిన చోట."

మండలిలో వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో అడిగాను. ఒడ్డు మీది వైద్య సంఘం ఈ పరిశోధనకే ఆమెని ఆహ్వానించింది, జనవరిలో. ఆ ప్రయాణం ఉండదు. అది పెద్ద విషయం కాదన్నట్టు చెప్పింది. అయినా ప్రయాణపు పెట్టె గోడ పక్కన సిద్ధంగా ఉంది.

నవంబరు 11, మంగళవారం

10:20కి డాక్టర్ వసుంధర మండలి ముందు తన పరిశోధనని వెనక్కి తీసుకుంది. పొరపాటు ఎక్కడ జరిగిందో నాలుగు వాక్యాల్లో చెప్పింది. సభ్యుల్లో ఇద్దరికి రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మూడోసారి ఆమె ఒక పంటిబిళ్ల తెచ్చి గాలి తెరిచి, వాళ్ల చేతి మీద పెట్టింది. చర్మం ఎంతసేపట్లో ఎండుతుందో చూడమంది.

ఆ తర్వాతి ప్రశ్న కార్యదర్శి సన్యాసినాయుడిది. ఆయన పళ్లన్నీ ముప్పై ఆరో ఏటే పోయాయి. కట్టుడు పళ్లు పెట్టుకుని మాట్లాడతారు.

"అయితే పూత పనిచెయ్యదంటారా?"

"అనను. పనిచేస్తుందో లేదో నా పరిశోధన చెప్పలేదంటాను."

"తెలీదన్న మాట పట్టుకుని పిల్లల నీళ్లు ఎలా ఆపమంటారమ్మా? దాహం అనేది తెలిసిన విషయం."

అది న్యాయమైన ప్రశ్నే. దానికి డాక్టర్ ఒక ప్రతిపాదన పెట్టింది. రెండు కుర్చీలు మూసేయండి, ఒకటి ఆరు నెలలు ఉంచండి. పరిశోధన మళ్లీ చేస్తాను. ఈసారి ఎవరికి ఏ వైపో నాణెం చెబుతుంది. గాలి తగిలే వైపు కొందరికి పూత పడుతుంది, కొందరికి చేతిపని పడుతుంది. గాలి చేసే చెడుపు రెండింటికీ సమానంగా పంచుకుపోతుంది, మిగిలిన తేడా వైద్యానిది.

గంట చర్చించి ఒప్పుకున్నారు. షరతు ఒకటి. శనివారం సాయంత్రానికి అరవై మంది పేర్లివ్వాలి. ఇవ్వకపోతే మూడో కుర్చీ కూడా ఒకటో తారీఖున మూతే.

వెనక వరుసలోంచి దేవుడమ్మ లేచి, మధ్యలో ముదిరిపోతే ఏం చేస్తారని అడిగింది. డాక్టర్ ముందే ఆలోచించి పెట్టుకోలేదు, అక్కడే ఆలోచించింది. నెలనెలా కొలుస్తామని, ఏ చోటైనా సంచి మొదటి కొలత కన్నా రెండు గీతలు లోతైతే నాణెంతో పని లేకుండా ఆ రోజే చేతిపని చేస్తామని చెప్పింది. తీర్మానంలో ఆ మాట చేరింది.

సాయంత్రం బులెటిన్‌లో అంతా వెళ్లింది. "పూత విఫలం" అని శీర్షిక పెట్టమని నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు అడిగారు. "పూత సంగతి ఇంకా తెలియదు" అని పెట్టాను. ఎవరికీ నచ్చలేదు.

నవంబరు 13, గురువారం

రెండు రోజుల్లో పదకొండు పేర్లు వచ్చాయి.

పడవల దగ్గర విన్నవి రాస్తున్నాను. సగం నోటికి వైద్యమేమిటని కొందరు. మొదటిసారి తప్పిన డాక్టరు రెండోసారి తప్పదని ఏమిటని కొందరు. నోటితో జూదమేమిటని ఎక్కువ మంది. దేవుడమ్మ పుర్రచెయ్యికి బొమ్మ కోరుకున్నా బొరుసే పడుతుందని ఎర్రన్న పడవలో వాళ్లని నవ్విస్తున్నాడు. అతనూ పేరివ్వలేదు.

మధ్యాహ్నం డాక్టర్ దేవుడమ్మ తెప్పకి వెళ్తూ నన్నూ రమ్మంది. సాక్షిగా ఉండమంది. దేవుడమ్మ గుమ్మంలో కూచుని కొడవలి నూరుకుంటోంది. డాక్టర్ నిలబడే చెప్పింది.

"పరిశోధనలో చేరొద్దు. రేపు ఉదయం వచ్చి కుర్చీలో కూచోండి. రెండు వైపులా నేనే చేస్తాను. నీళ్లు నా వంతులోంచి ఇస్తాను. మిమ్మల్ని రెండు నెలలు వాడుకుని తీసేశాను, ఆ రెండు నెలలూ మీ చెడ్డవైపు పూతే రాయించాను. ఇది మీకు రావలసిందే."

దేవుడమ్మ ఆకురాయి పక్కన పెట్టింది. నాణెం గురించి మళ్లీ అడిగి చెప్పించుకుంది. కుడివైపుకి చేతిపని పడితే మిగిలిన రెండు పళ్లు నిలుస్తాయా? నిలిచే అవకాశం ఎక్కువన్నది డాక్టర్. పూత పడితే? తెలియదన్నది. ఆలోచించుకుని రేపు చెబుతానని దేవుడమ్మ మళ్లీ కొడవలి అందుకుంది.

తిరిగి వస్తుంటే డాక్టర్ నన్ను ఏదో అడగబోయి మానేసింది. నేనైతే ఏం చేస్తానన్నది ఆ ప్రశ్న అయి ఉంటుంది. నేను కుర్చీలో కూచుంటాను.

నవంబరు 14, శుక్రవారం

పొద్దున కోత ముగించుకుని, ఒంటి మీద తడి ఆరకుండానే దేవుడమ్మ వైద్యశాల తెప్పకి వచ్చింది. వెనక ఎర్రన్న గొట్టం చుట్ట భుజాన వేసుకుని నిలబడ్డాడు. కుర్చీ శుభ్రం చేసి, పక్కన బకెట్టు నిండా నీళ్లు పెట్టుకుని డాక్టర్ ఎదురుచూస్తోంది.

దేవుడమ్మ కుర్చీ ఎక్కలేదు.

"నా వొక్కదాని నోరు లెక్కకి రాదన్నారు కదమ్మా. మరి నా వొక్కదానికి బాగుసేసీసి ఊరుకుంటే అదెలగ లెక్కవుతాది?"

డాక్టర్ ఏదో చెప్పబోయింది. ఆమె చెప్పనివ్వలేదు.

"బయం నేదని కాదు. రాత్రంతా నాలికెట్టి ఆ రెండు పళ్లూ తోసి సూసుకున్నాను. నాకు సేసీస్తే మరెవులూ పేరియ్యరు, శనారానికి అరవై రాక కుర్సీ మూసీస్తారు. నా యెనకాల నూటనలబై మందున్నారు వరసలో. మా సిన్నది గూడా వచ్చే యేడు నీట్లోకి దిగుతాది. దానికీ పూతిచ్చీసి పంపిత్తారు, అది పని సేస్తాదో సెయ్యదో ఎవులికీ తెలీకుండానే. నా పేరు రాయండి. బొరుసు పడితే ఒకపాలి తిట్టుకుంటాను, ఏటనుకోకండి."

డాక్టర్ పేరు రాయబోయి రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసింది. అది చూసి ఎర్రన్న, తన పేరు కూడా రాసేయమని, ఆ చేత్తో కొక్కెం మాత్రం ఈ రోజు పట్టుకోవద్దని అన్నాడు. బకెట్టు నీళ్లు వరుసలో మొదట ఉన్న ముసలాయనకి వాడారు.

తర్వాత పడవ దగ్గర ఎర్రన్నని అడిగాను, నిన్నటిదాకా నవ్వినవాడివి ఎందుకు ఒప్పుకున్నావని. దానికి అతను తాడు చుట్టుకుంటూనే జవాబిచ్చాడు.

"అది దిగినాదంటే పైన తాడు నానే కదా బావు పట్టుకోవాల."

నవంబరు 15, శనివారం

పొద్దు గూకేసరికి డెబ్బై నాలుగు పేర్లు. ఎర్రన్న పడవ మొత్తం ఇచ్చింది. దాన్ని చూసి మిగిలిన కోత పడవలూ ఇచ్చాయి. వంటశాల నుంచి పన్నెండు మంది వచ్చారు. చివరి పేరు సన్యాసినాయుడి భార్యది. ఆమె నోట్లో ఇంకా ఇరవై రెండు పళ్లున్నాయని, వాటి మీద ఇంట్లో ఎవరి పెత్తనమూ చెల్లదని బల్ల దగ్గర చెప్పిందట. కార్యదర్శి ఆ పక్కనే ఉన్నారు. సంఖ్య సరిపోయిందని మాత్రం నాతో అన్నారు.

పిల్లల తెప్పకి పెంచుతామన్న అర లీటరు ఇప్పుడు మూడో వంతు తగ్గుతుంది. ఆ సంగతి బులెటిన్‌లో మొదటి వాక్యంలోనే రాశాను. రాయమని డాక్టరే చెప్పింది.

నవంబరు 16, ఆదివారం

ఈ రోజు డెబ్బై నాలుగు నోళ్లనీ కొలిచారు. కొలిచింది డాక్టర్ కాదు, సహాయకులిద్దరు. ఆరు నెలల తర్వాత కొలిచేదీ వాళ్లే. ఎవరికి ఏ వైపు ఏది పడిందో వాళ్లకి తెలియకూడదని నాణెం వేసేటప్పుడు వాళ్లని తెప్ప మీదకి రానివ్వరు, చేతిపని డాక్టరే చేస్తుంది. ఈసారి తన కళ్లని కూడా తాను నమ్మనని డాక్టర్ అంది.

దేవుడమ్మ కుడివైపు మిగిలిన రెండు దవడ పళ్ల దగ్గర కొలపుల్ల ఏడు గీతలు దిగింది. ఎడమవైపు నాలుగు. కొలుస్తున్నంతసేపూ రక్తం కారింది. నొప్పి లేదనే చెప్పింది.

రేపు, సోమవారం, ఉదయం ఏడు గంటలకి వైద్యశాల తెప్ప మీద అందరి ముందు నాణెం వేస్తారు. అలలమెట్టలో నాణేలు వాడకంలో లేవు గనక ఒడ్డు నుంచి వచ్చిన పాతదొకటి తెప్పించారు. వేసేది సన్యాసినాయుడు. బొమ్మ పడితే కుడివైపు చేతిపని, ఎడమవైపు పూత. బొరుసు పడితే తిరగేసి. పేర్లు ఇచ్చిన వరుసలో పిలవాలని మొదట అనుకున్నారు. కోతకి వెళ్లాల్సినవాళ్లని ముందు పిలవాలని ఎర్రన్న పట్టుబట్టాడు. ఆమెకన్నా ముందు పేరిచ్చినవాళ్లలో కోతగాళ్లెవరూ లేరు, అలా మొదటి పేరు వాసుపల్లి దేవుడమ్మది అయింది. నాణెం గాల్లోకి లేచేదాకా ఆమె తప్పుకోవచ్చని డాక్టర్ ఈ సాయంత్రం మళ్లీ చెప్పి వచ్చింది.

చేతిపని ఎనిమిదికి మొదలవుతుంది. మొదటి నెల కొలతలు డిసెంబరు పదిహేడున. వచ్చే కొరుకుడు పరీక్ష మే రెండో శనివారం. రేపు ఎర్రన్న పడవ ఎప్పటిలా ఆరింటికి కాకుండా పదింటికి బయల్దేరుతుంది. నాణెం ఎటు పడినా దేవుడమ్మ అందులో ఉంటుంది.